యాది ఎక్కడ దాచుకోవాలె?

"అన్నీ ఫోన్‌లో రాసి పెట్టుకోండి, టైముకు అదే గుర్తు చేస్తది" అని పట్నం దోస్తులు మాకు చెప్తుంటారు. ఏ యాప్‌లో రాసుకోవాలని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్తారు. వాళ్లు చెప్పే సుగుణాలకూ మా అవసరాలకూ ఎంత దూరం ఉందో తెలుసుకోవాలని మేము కొందరం కలిసి వీటిని వాడి చూశాం. మాలో సగం మంది ఉట్నూరు, ఇంద్రవెల్లి దిక్కు గూడేల్లో ఉండేవాళ్లం. మిగతా వాళ్లం కరీంనగర్‌లో రూములు తీసుకొని చదువుకునేవాళ్లం. వానాకాలం మొదలు దండారి పండుగ దాకా రోజువారీ పనులన్నీ వీటికి అప్పగించి చూశాం. మాకు తెలిసింది మా వాళ్లకు పనికొస్తదని ఇక్కడ రాస్తున్నాం.

ముందుగా మాకు గుర్తుండవలసినవి ఏవేవని లెక్క వేసుకున్నాం. మహిళా సంఘం కిస్తీ కట్టే తారీఖు, స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరి రోజు, పసిపిల్లల టీకాలు, ఉట్నూరు ఐటీడీఏ ఆఫీసులో మళ్లీ రమ్మన్న రోజు, ఇంద్రవెల్లిలో సోమవారం అంగడి. ఇవన్నీ తారీఖుకో వారానికో కట్టుబడి ఉండేవి. రెండో రకం చంద్రుణ్ణి బట్టి నడిచేవి. అకాడి, పొలాల అమావాస్య, దండారి, నాగోబా జాతర అట్లాంటివి. మూడో రకానికి తారీఖూ లేదు, తిథీ లేదు. ఇప్పపువ్వు రాలడం మొదలైన పొద్దు, తునికాకు కోతకు వచ్చిన వారం, పత్తి గింజ పెట్టడానికి చాలినంత తడిసిన రోజు. నాలుగో రకం కాగితాలు. పట్టా, పాస్‌పుస్తకం, కులం సర్టిఫికెట్, దవాఖాన చీటీ.

ఈ నాలుగు రకాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలింది. గుర్తు చేయడం వేరు, గుర్తుంచడం వేరు. మొదటిది పొద్దున మోగి ఊరుకుంటే చాలు. రెండోది ఏండ్ల తరబడి నిలవాలి. యాప్‌లు అమ్మేవాళ్లు రెండింటినీ ఒకే సంచిలో వేసి చూపిస్తారు. మేము మాత్రం వేరువేరుగా చూశాం.

గుర్తు చేసే పనిలో మాకు అందరికన్నా నమ్మకంగా నిలబడింది ఫోన్‌తోపాటే వచ్చే గడియారం అలారం. దానికి నెట్ అక్కర్లేదు, ఖాతా అక్కర్లేదు, బటన్ల ఫోన్‌లో కూడా ఉంటది. గుట్ట అవతల సిగ్నల్ లేని చేనులో కూడా మోగుతది. వేరే రిమైండర్ యాప్‌లకు ఒక చిక్కుంది. బ్యాటరీ మిగిల్చడానికి చాలా ఫోన్లు వెనుక నడిచే యాప్‌లను నిద్రపుచ్చుతాయి, అప్పుడు రిమైండర్ ఆలస్యంగా వస్తది. సెట్టింగుల్లోకి పోయి ఆ యాప్‌కు బ్యాటరీ కట్టడి తీసేస్తేనే అది సరిగా పని చేస్తది.

మందుల విషయంలో ఇది చిన్న సంగతి కాదు. మా ఇండ్లల్లో సికిల్ సెల్ జబ్బు ఉన్న పిల్లలు ఉన్నారు. ఆ జబ్బును లేకుండా చేయాలని కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ మిషన్ మొదలుపెట్టింది. పరీక్షలు జరుగుతున్నాయి, కార్డులు ఇస్తున్నారు. అయితే డాక్టరు హైడ్రాక్సీయూరియా గోళీ రాసిస్తే దాన్ని రోజూ వేసుకోవాలి, డాక్టరు చెప్పిన గడువుకు రక్తపరీక్ష చేయించుకోవాలి. గోళీ ఇంట్లో ఉండీ వేళకు వేయకపోతే ఫలం ఉండదు. తల్లికి చదువు రాకపోతే తెర మీద వచ్చే అక్షరాలు ఆమెకు ఏం చెప్తాయి? దీనికి మాకు దొరికిన ఉపాయం తేలికైనది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అలారం మోతగా మన సొంత ఆడియోను పెట్టుకోవచ్చు. "గోళీ వేయండి" అని ఇంట్లోవాళ్ల గొంతుతోనే గోండీలో చెప్పి రికార్డు చేసి, దాన్నే అలారంగా పెట్టాం. రాత్రి ఎనిమిదికి ఫోన్ ఇంటి మాట మాట్లాడుతది. ఏ కంపెనీ కూడా మా భాషలో రిమైండర్ తయారు చేసి ఇవ్వలేదు, మేమే చేసుకున్నాం.

రెండో రకం దగ్గర ఫోన్ తడబడింది. క్యాలెండర్‌లో "ప్రతి సంవత్సరం" అని ఒకటి ఉంటది. పుట్టినరోజుకు అది సరిపోతది. నాగోబాకు సరిపోదు. పుష్య అమావాస్య 2023లో జనవరి 21న వచ్చింది, 2024లో ఫిబ్రవరి 9న వచ్చింది. ఒకసారి పెట్టిన తారీఖును నమ్ముకుంటే మరుసటి ఏడు ఖాళీ కేస్లాపూర్‌కు పోవలసి వస్తది. "మీ ఫోన్‌కు నెలపొడుపు కనిపిస్తదా, బిడ్డా?" అని ఒక తాత అడిగిండు. కనిపించదు, కానీ కొంత దారి ఉంది. గూగుల్ క్యాలెండర్‌లో చంద్రకళల క్యాలెండర్ అని వేరే ఒకటి ఉంటది. దాన్ని జత చేసుకుంటే అమావాస్యలు, పున్నములు కనిపిస్తాయి. అది కంప్యూటర్‌లో ఒక్కసారి జత చేస్తే చాలు, ఫోన్‌లోకి వస్తది. ఏడాదికి ఒకసారి కూర్చొని పండుగలను ఒక్కొక్కటిగా ఎక్కించుకోవాలి. పని ఉంది, కానీ చేసుకోవచ్చు.

అయినా నాగోబా జాతర ఎట్లా గుర్తుంటదో ఒకసారి చూడండి. పుష్యమాసంలో నెలపొడుపు చూసి మెస్రం వంశస్థులు చాటింపుకు బయలుదేరుతారు. ఎడ్లబండి ఊరూరా తిరుగుతది. తర్వాత జన్నారం దిక్కున గోదావరిలో హస్తినమడుగు దాకా కాలినడకన పోయి, కలశంలో నీళ్లు తెస్తారు. ఎక్కడ ఆగాలో, ఎవరింట తినాలో, ఎవరు ముందు నడవాలో అందరికీ తెలుసు. ఒక్కరు మరిచినా పక్కవాళ్లు చెప్తారు. అక్కడ నడకే రిమైండర్. దాన్ని ఒక్క మనిషి జేబులో పెట్టలేరు, ఒక్క మనిషి పోగొట్టనూ లేరు. ఫోన్‌లోని రిమైండర్ మాత్రం ఆ ఫోన్ ఉన్నవానికే మోగుతది. అతడు కూలికి బోథ్‌కో బల్లార్షాకో పోతే, ఇంట్లో ఉన్న అవ్వకు ఆ సంగతి తెలియదు. అందుకే మేము ఏ యాప్ చూసినా మొదట అడిగిన ప్రశ్న ఒకటే: ఇది నలుగురికి పంచుకునే వీలు ఇస్తదా?

ఆ లెక్కన గూగుల్ కీప్, మైక్రోసాఫ్ట్ టు డూ మాకు నచ్చాయి. 2013లో వచ్చిన కీప్‌లో చీటీలాగా రాసుకోవచ్చు, ఫొటో పెట్టుకోవచ్చు, మాటను రికార్డు చేసుకోవచ్చు. నెట్ లేకపోయినా ఫోన్‌లో రాయనిస్తది, సిగ్నల్ దొరికినప్పుడు పైకి పంపుతది. ఒక చీటీని ఇంకొకరి జీమెయిల్‌తో పంచుకోవచ్చు. సంఘం కిస్తీల లెక్కను ఇట్లా ముగ్గురి ఫోన్లలో ఉంచాం. అధ్యక్షురాలి ఫోన్ చార్జింగ్ లేక పడుకున్నా పని ఆగలేదు. కీప్‌లో పెట్టిన రిమైండర్లు ఇప్పుడు గూగుల్ టాస్క్స్‌లోకి చేరుతున్నాయి, రెండు చోట్లా వెతకాలని తెలిసి ఉండాలి. టు డూలో చేయవలసిన పనుల జాబితా ఇంకా శుభ్రంగా ఉంటది. ప్రతి సోమవారం, ప్రతి నెల పదో తారీఖు అని పెట్టడం తేలిక. చదువుకునేవాళ్లకు, పరీక్షలకు తయారయ్యేవాళ్లకు అది బాగుంది. గూడెంలో అయితే కీప్‌కే ఎక్కువ మంది అలవాటుపడ్డారు, ఎందుకంటే అందులో ఫొటో పెద్దగా కనిపిస్తది.

ఎవర్‌నోట్ పేరు కూడా చాలామంది చెప్పారు. నిజంగా బలమైన యాప్, వెతికిపెట్టడంలో దిట్ట. కానీ 2023 డిసెంబర్ నుంచి డబ్బు కట్టనివాళ్లకు 50 నోట్లు, ఒకే నోట్‌బుక్ అని హద్దు పెట్టారు. ఒక కుటుంబం కాగితాలే 50 దాటుతాయి. వుండర్‌లిస్ట్ అని ఇంకొకటి ఉండేది, బెర్లిన్‌లో తయారైంది, లక్షల మంది వాడారు. 2015లో మైక్రోసాఫ్ట్ దాన్ని కొన్నది, 2020 మే 6న మూసేసింది. వాడేవాళ్లు తమ జాబితాలను టు డూలోకి మార్చుకోవలసి వచ్చింది. మార్చుకోవడం తెలిసినవాళ్లు మార్చుకున్నారు. తెలియనివాళ్ల సంగతి ఏమిటి? ఇతరుల జాగాలో వేసుకున్న గుడిసె ఎట్లా ఉంటదో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. లెమ్మన్న రోజు లేవాలి. కాబట్టి రెండో ప్రశ్న: మేము వెళ్లిపోతామంటే మా రాతలు మాకు తిరిగి ఇస్తదా? గూగుల్‌లో టేకౌట్ అనే చోటి నుంచి కీప్ చీటీలన్నీ దింపుకోవచ్చు. జోప్లిన్ అనే యాప్ ఉచితం, దాని లోపలి రాతను ఎవరైనా చూడవచ్చు, మామూలు అక్షరాల ఫైళ్లుగా బయటికి తీసుకోవచ్చు. నేర్చుకోవడానికి కొంత కష్టం. అయినా పది కాలాలు ఉండవలసిన రాతలకు మాలో కంప్యూటర్ తెలిసినవాళ్లు దాన్నే ఎంచుకున్నారు.

నిజం చెప్పాలంటే గూడేల్లో అందరూ వాడే నోట్‌బుక్ వాట్సాప్. 2022 నవంబర్‌లో తనకు తానే మెసేజ్ పంపుకునే ఏర్పాటు వచ్చాక అది ఇంకా పెరిగింది. దవాఖాన చీటీ ఫొటో, విత్తనాల సంచి మీది నంబరు, గోండీలో మాట్లాడిన వాయిస్ అన్నీ అక్కడే పడతాయి. రాయడం రాని అవ్వ కూడా బొత్తాం పట్టి మాట్లాడగలదు. ఇదే దాని గొప్ప. దాని తిప్పలూ అక్కడే ఉన్నాయి. మాట్లాడి పెట్టిన దాన్ని తర్వాత వెతకలేం. మూడు నెలల కింద ఏ రోజు ఏం చెప్పారో తెలియాలంటే ఒక్కొక్క వాయిస్ విప్పి వినాలి. ఫోన్ మారినప్పుడు బ్యాకప్ చేయకపోతే అన్నీ పోతాయి. వాట్సాప్ జేబు లాంటిది, పెట్టె కాదు. పొద్దున వేసుకున్నది రాత్రికి తీసి పెట్టెలో దాచుకోవాలి.

ఇక భాష. ఇంట్లో మేము గోండీ మాట్లాడుకుంటాం, కొలాం ఇండ్లలో కొలామీ. కరీంనగర్‌లో రూములో తెలుగు, పరీక్షలో ఇంగ్లిష్. మరి సొంతానికి రాసుకునే చీటీ ఏ భాషలో రాయాలి? 2011 జనగణన లెక్కలో గోండీ మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షల మంది. అయినా గోండీ ఎనిమిదో షెడ్యూల్‌లో లేదు, మేము వాడిన ఫోన్లలో మాటను అక్షరం చేసే పనిముట్టుకు అది వినిపించలేదు. ఒక ఫోన్‌లో గోండీలో మాట్లాడి చూస్తే తెలుగు మాటలను ఏరి ఏదో వాక్యం కట్టి పెట్టింది. ఎడ్ల గురించి చెప్తే పెండ్లి గురించి రాసింది. నవ్వుకున్నాం, కానీ మందు గురించి చెప్పి ఉంటే నవ్వే సంగతి కాదు.

మాకు లిపి లేదని చాలా కాలం అందరూ అన్నారు. నార్నూర్ మండలం గుంజాలలో పాత రాతప్రతులు బయటపడ్డాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య జయధీర్ తిరుమలరావు, ఆయనతో పనిచేసినవాళ్లు వాటిని లోకానికి చూపించారు. అవి 1750 ప్రాంతానివని అంచనా వేశారు. వాటిలో వారాలు, నెలలు, పండుగల పేర్లు కూడా ఉన్నాయని చదివినవాళ్లు చెప్పారు. అంటే మా పెద్దలకు నోట్‌బుక్ ఉండేది, అందులో క్యాలెండర్ ఉండేది. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. దానికంటే ఏడాది ముందు, మున్షీ మంగల్ సింగ్ మసరం 1918లో తయారు చేసిన మసరం గోండి లిపి ఎక్కింది. గుంజాల లిపికి ఇప్పుడు ఉచిత ఫాంట్లు ఉన్నాయి. ఆ లిపిలో రాసిన చీటీని ఏ నోట్ యాప్ అయినా దాచుకోగలదు. చూపించేటప్పుడే తేడా వస్తది. ఫాంట్ లేని పాత ఫోన్‌కు పంపితే అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. అందుకని ఇప్పటికి మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. నలుగురికి పంపేది గోండీ మాటలోనే, తెలుగు అక్షరాల్లో. దాచుకునేది రెండు లిపుల్లో. ఒకటి చేతికి అందేందుకు, ఇంకొకటి అలవాటు పోకుండా ఉండేందుకు.

2025 సెప్టెంబర్‌లో కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ఆది వాణి అనే యాప్ తెచ్చింది. సంతాలీ, భిలీ, ముండారీలతో పాటు గోండీని కూడా అందులో చేర్చారు. సంతోషమే. కానీ గోండీ మధ్యప్రదేశ్ నుంచి ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర మీదుగా ఇక్కడిదాకా పరుచుకున్న భాష. బస్తర్ మాటకూ ఆదిలాబాద్ మాటకూ తేడా ఉంటది. యంత్రానికి మా మాట నేర్పాలంటే మా మాటలు, మా రాతలు ఉండాలి. ఈ రోజు మేము గోండీలో రాసుకునే చిన్న చిన్న చీటీలు రేపటికి ఆ పనికి కూడా వస్తాయి. ఎవరికి ఇవ్వాలో, ఏవి ఇవ్వకూడదో మేమే నిర్ణయించుకోవాలి. పెన్‌ల కథలు, వంశం సంగతులు అన్నీ బయట పెట్టేవి కావు. ప్రధాన్లు కిక్రి పట్టుకొని ఎవరి వంశగాథ వాళ్ల దగ్గరే పాడతారు. యాదికి కూడా కట్టుబాటు ఉంటదని దాని అర్థం. ఒకే ఫోన్‌ను ఇంటిల్లిపాదీ వాడే చోట తాళం లేని నోట్ యాప్‌లో ఏం పెట్టాలో ఆలోచించాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. పత్తి గింజ, కిస్తీ, గోళీ ఇవి ఈ ఏటివి. మా భూమి సంగతి అట్లా కాదు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి అడవి భూమిని సాగు చేసుకుంటున్నామని చూపించాలి. ఆ రోజుకు పుట్టని పిల్లలు ఇప్పుడు ఓటు వేస్తున్నారు. ఆ చేను మొదట ఎవరు కొట్టారో, ఏ ఏడు కట్ట వేశారో చూసినవాళ్లు ముసలివాళ్లయ్యారు, ఒక్కొక్కరు పోతున్నారు. ఆ చట్టం కింద వచ్చిన 2007 నిబంధనల్లో 13వ నిబంధన ఏవేవి సాక్ష్యాలో చెప్తది. ప్రభుత్వ కాగితాలతో పాటు బావులు, శ్మశానాలు, దేవతల తావులు, చేనులో వేసిన గట్లు కూడా సాక్ష్యమే. దరఖాస్తుదారు కాని పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే, కానీ అది రాతలో ఉండాలి. వీటిలో ఒకటి కంటే ఎక్కువ చూపాలి.

పెద్దల యాదికి చట్టం విలువ ఇచ్చింది, రాస్తేనే ఇస్తానన్నది. మేము యాప్‌లను పోల్చి చూసిన పనంతా ఇక్కడికి వచ్చి ఆగింది. ఎంత మంచి రిమైండర్ అయినా పోయిన తాతను లేపి మాట్లాడించలేదు.

రాయకపోతే ఏమవుతదో ఇంద్రవెల్లి చెప్తది. 1981 ఏప్రిల్ 20 సోమవారం, అంగడి రోజు, భూమి కోసం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో చనిపోయినవాళ్లు 13 మంది. మా పెద్దలు చెప్పే లెక్క దానికంటే చాలా ఎక్కువ. సర్కారు లెక్క కాగితం మీద ఉంది. పెద్దల లెక్క నోట్లో ఉంది. నలభై ఏండ్ల తర్వాత వచ్చి అడిగేవాళ్లు కాగితాన్నే ముందు పట్టుకుంటారు.

అందుకని మేము పెట్టుకున్న పద్ధతి ఇది, ఏ యాప్ వాడేవాళ్లయినా చేయవచ్చు. పెద్దమనిషి దగ్గర కూర్చొని, రికార్డు చేయవచ్చా అని అడిగి, వాళ్ల మాటలోనే వాయిస్ తీసుకుంటాం. ఏ చేను, ఎవరి హద్దు, ఏ ఏడు అని అడుగుతాం. ఏడు గుర్తు లేకపోతే ఏ పండుగకు ముందు, ఏ కరువు తర్వాత, ఏ బిడ్డ పుట్టినప్పుడు అని అడిగితే చెప్తారు. అదే రోజు దాన్ని కాగితం మీద తెలుగులో రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో, ఇద్దరు సాక్షులతో తీసుకుంటాం. కాగితాన్ని, చేను గట్టును, బావిని ఫొటో తీస్తాం. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్ చేస్తే ఆ చోటు కూడా ఫొటోతో పాటే నమోదవుతది. వాయిస్, ఫొటో ఒకే చీటీలో పెట్టి, మనిషి పేరు, ఊరు, తారీఖు పైన రాస్తాం, లేకపోతే రేపు వెతికినా దొరకదు. ఒక కాపీ ఫోన్‌లో, ఒకటి మెమరీ కార్డులో, అసలు కాగితం ఇంటి ట్రంకు పెట్టెలో. ఇంకో కాపీ గ్రామసభ అటవీ హక్కుల కమిటీ దగ్గర.

ఏ యాప్ మంచిదని ఇప్పుడు మమ్మల్ని అడిగితే మా జవాబు ఇట్లా ఉంటది. గోళీకి, కిస్తీకి గడియారం అలారం చాలు. పండుగలకు చంద్రుడు కనిపించే క్యాలెండర్. నలుగురి పనికి కీప్ లేదా టు డూ. మాట పట్టుకోవడానికి వాట్సాప్, కానీ రాత్రికి తీసి దాచాలి. ఏండ్ల తరబడి ఉండవలసినవాటికి మన చేతికి తిరిగి వచ్చే ఫైళ్లు, వాటికి తోడు కాగితం. మూడో రకానికి, అంటే ఇప్పపువ్వుకు, మొదటి వానకు రిమైండర్ పెట్టలేం. కానీ అది వచ్చిన రోజు తారీఖు వేసి ఒక్క ముక్క రాసుకోవచ్చు. పదేండ్లు అట్లా రాస్తే వాన ఎటు జరుగుతుందో మన చేతి రాతే చెప్తది.

యాప్‌లు వస్తాయి, పోతాయి. మీ ఊళ్లో డెబ్బై దాటినవాళ్లు ఎంతమంది ఉన్నారో ముందు లెక్క పెట్టండి. వాళ్ల పేర్లే మీ మొదటి జాబితా. వాటి పక్కన ఒక తారీఖు వేయండి. ఈ పంట ఇంటికి రాకముందే, ఈ అంగడికీ వచ్చే అంగడికీ నడుమనే, ఒక్కరి దగ్గరికైనా పోయి కూర్చోండి.